పాప పెట్టిన కామాలు: 12345654321 మీద ఒక కేస్ స్టడీ

నేను కడప జిల్లాలో, ప్రొద్దుటూరుకు దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయితో, పదకొండు అంకెల ఒకే ఒక సంఖ్య మీద దాదాపు నాలుగు వారాలు పనిచేశాను. ఏం చేశామో, నేనెక్కడ తప్పు చేశానో వివరంగా రాస్తున్నాను. తోటి లెక్కల టీచర్లకు పనికొస్తుందని నా నమ్మకం. అమ్మాయి పేరు రాయను. మా వైపు ఆడపిల్లల్ని పిలిచినట్టే పాప అంటాను.

యూనిట్ టెస్టు పేపరు

పాప మొద్దు కాదు. చిన్న లెక్కలు నోటితోనే చేస్తుంది. సంఖ్య ఐదారు అంకెలు దాటితే మాత్రం పెన్ను పక్కన పెట్టేస్తుంది. యూనిట్ టెస్టులో ఒక పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాల లబ్ధంగా రాయమని అడిగాను. ఆ సంఖ్యను శుభ్రంగా ఎత్తి రాసి, కింద సగం పేజీ ఖాళీ వదిలేసింది. సున్నా మార్కులు వేసి పక్కన పెట్టబోతుంటే ఒకటి కనిపించింది. ప్రశ్నపత్రంలో ఆ సంఖ్యకు కామాలు లేవు. పాప పేపర్లో ఉన్నాయి. వేలు, లక్షలు, కోట్లు ఎక్కడ విడిపోవాలో అక్కడ, ఒక్కటీ తప్పు లేకుండా.

అడిగితే చెప్పింది, వాళ్ల నాన్న ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో లెక్కలు రాస్తాడట. రాత్రి ఇంటికొచ్చాక ఆయన అంకెలు చదువుతుంటే ఈ పాప రాసిపెడుతుందట. అంటే పెద్ద సంఖ్య పాపకు కొత్త కాదు. దాన్ని రాయడం, చదవడం వచ్చు. విప్పడం అంటేనే టెన్షన్. ఈ తేడా పట్టుకున్నాకే ఏం చేయాలో నాకు తోచింది: చాలా లెక్కలు కాకుండా ఒకే సంఖ్య తీసుకుని, అది పూర్తిగా విడిపోయేదాకా వదలకూడదు.

సంఖ్య ఎక్కడిది

9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కల పుస్తకం అనగానే మొదట చెప్పుకునే పేరు మల్లనదే. మహావీరుడికి ఒక ఇష్టం ఉంది. గుణిస్తే హారంలా వచ్చే సంఖ్యలంటే ఆయనకు ప్రీతి. రెండు వైపులా ఒకేలా పూసలు గుచ్చినట్టుండే లబ్ధాలకు కంఠాభరణం లాంటి పేర్లు పెట్టాడు. వాటిలో ఒకటి 12345654321. ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి, అదే వరుసలో తగ్గేది అని ఆయన దాన్ని వర్ణించాడు.

నేను దీన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. చూడ్డానికి భయపెట్టేంత పెద్దది, విప్పితే అన్నీ చిన్న ముక్కలు. అతి పెద్ద ప్రధాన కారణాంకం 37. మరీ పెద్ద ప్రధాన సంఖ్య లోపల దాక్కుని ఉంటే మొదటి వారంలోనే పాప విసిగిపోయేది.

మొదటి రోజులు

బడి వదిలాక నలభై నిమిషాలు. పాపతో పాటు ఇంకో నలుగురు పిల్లలు. బోర్డు మీద సంఖ్య రాసి చదవమన్నాను. మిగతా నలుగురూ వేలితో స్థానాలు లెక్కపెడుతుండగానే పాప గడగడా చదివేసింది: "వెయ్యిన్నీ రెండు వందల ముప్పై నాలుగు కోట్ల యాభై ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడు వందల ఇరవై ఒకటి." ఆ క్లాసులో పాప అందరికంటే ముందు జవాబు చెప్పడం అదే మొదలు. ఇంకొకడు, "వికటకవి మాదిరుంది సార్, ఎట్ల చదివినా అదే" అన్నాడు. పాలిండ్రోమ్ అనే మాట ఆ రోజు నేను వాడలేదు, అవసరం పడలేదు.

చివరి అంకె 1 కాబట్టి రెండో ఎక్కంలో, ఐదో ఎక్కంలో పోదని అందరూ చెప్పారు. అంకెలు కూడితే 36, కాబట్టి 9తో పోతుంది. ఇక్కడ కాసేపు ఆపి, అంకెలు కూడితే ఎందుకు తెలుస్తుందని అడిగాను. పాపే చెప్పింది. వంద రూపాయలు తొమ్మిది మందికి పంచితే తొంభై తొమ్మిది పోయి ఒక రూపాయి మిగులుతుంది. వెయ్యి పంచినా ఒకటే మిగులుతుంది. అందుకే ప్రతి అంకే తనెంతో అంతే మిగులుస్తుంది. ఇది నేను చెప్పింది కాదు. డబ్బులతో ఆలోచిస్తే పాప మెదడు నా కంటే వేగంగా పనిచేస్తుందని ఆ రోజు రాసుకున్నాను.

తర్వాత 11. ఒకటి విడిచి ఒకటి కూడి తీసేస్తే 1 − 2 + 3 − 4 + 5 − 6 + 5 − 4 + 3 − 2 + 1 = 0. భాగించమన్నాను. పాప చేతిలో సుద్దముక్క వణుకుతోంది. పదకొండో ఎక్కం కాబట్టి నెమ్మదిగా సాగింది. భాగఫలం 1122332211. మళ్లీ 11తో పోతుందా అంటే పోయింది: 102030201. బోర్డు మీద మూడు వరుసలు ఒకదాని కింద ఒకటి నిలిచాయి.

12345654321
1122332211
102030201

మూడూ ఎటు నుంచి చదివినా ఒకటే. పిల్లలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

కామాల దగ్గర ఆగిపోయాం

ఈ కేసులో అసలు విషయం ఇక్కడుంది.

7, 13లకు పరీక్ష చెప్పాలి. నాకు అలవాటైన పద్ధతి చెప్పాను: సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒక ముక్క కూడి ఒక ముక్క తీసేయండి. వచ్చింది 7తో పోతే మొత్తం సంఖ్య 7తో పోతుంది. 11, 13లకూ అంతే. అసలు సంఖ్య మీదే చేయండి, 11 కూడా మళ్లీ సరిచూసుకోవచ్చు అన్నాను. ఎందుకో చెప్పలేదు. టైమ్ అయిపోతోందని సూత్రం ఇచ్చి ఇంటికి పంపాను.

మర్నాడు నలుగురు 12, 345, 654, 321 అని విడగొట్టి, 321 − 654 + 345 − 12 = 0 అని తెచ్చారు. పాప నోట్సులో వేరేగా ఉంది. పాప చేతికి అలవాటైన కామాలు పడ్డాయి: 12,34,56,54,321. ఆ ముక్కలతోనే కూడింది, తీసేసింది:

321 − 54 + 56 − 34 + 12 = 301

"సార్, 301 ఏడులో పోతాంది. పదకొండులో పోవడం ల్యా, నాలుగు మిగులుతాంది. మొన్న బోర్డు మీద పదకొండులో రెండుసార్లు పోయింది కదా. అదెట్ల?"

మామూలుగా అయితే "మూడేసి అంకెలు పెట్టమన్నా కదా, నువ్వు రెండేసి పెట్టినావు" అని ఎర్ర పెన్నుతో కొట్టేసేవాడిని. కానీ పాప రెండు ఫలితాలు పక్కపక్కన పెట్టి, రెండూ నిజం కాలేవని తనే పట్టుకుంది. అది తప్పు జవాబు కంటే ఎంతో విలువైనది. ఇంకొకటి కూడా ఉంది. 301 అనేది 7 × 43. అంటే 7 విషయంలో పాపకు సరైన జవాబే వచ్చింది, కానీ అది యాదృచ్ఛికం. 7 ఒక్కటే అడిగి ఉంటే టిక్కు పెట్టి వదిలేసేవాణ్ని. అసలు గొడవ బయటపడేదే కాదు.

ఆ రోజు నలభై నిమిషాలూ దీనికే పెట్టాం. 7 × 11 × 13 = 1001. వెయ్యి అంటే 1001కి ఒకటి తక్కువ. పాప భాషలో చెప్పాలంటే, వెయ్యి రూపాయల కట్ట నుంచి 1001 ఇవ్వాలంటే ఒక రూపాయి అప్పు పడుతుంది. అందుకే వేల ముక్కను తీసేస్తాం. వెయ్యి వేలు, అంటే పది లక్షలు, ఒకటి ఎక్కువ, ఎందుకంటే 999999 = 1001 × 999. అందుకే ఆ ముక్కను కూడతాం. నూరు కోట్ల దగ్గర మళ్లీ ఒకటి అప్పు. ఒకటి అప్పు, ఒకటి మిగులు, ఒకటి అప్పు. ఈ వరుస మూడేసి అంకెలకు ఒకసారి నడుస్తుంది.

పాప అడిగింది: "మరి లక్షకు ఎంత అప్పు సార్?"

ఆ ప్రశ్న నాకు ముందు తట్టలేదు. 1001 × 100 = 100100. కాబట్టి లక్షకు నూరు అప్పు. కోటి? పది లక్షలకు ఒకటి మిగులు కాబట్టి కోటికి పది మిగులు. నూరు కోట్లకు ఒకటి అప్పు. పాప తన కామాలను చెరపకుండానే, ఒక్కో ముక్కకు దాని అప్పూ మిగులూ వేసుకుంటూ పోయింది:

321 − 54 − 56 × 100 + 34 × 10 − 12

321లో 54 పోతే 267. దాంట్లోంచి 5600 పోతే 5333 అప్పు. 340 కలిపితే అప్పు 4993. ఇంకో 12 అప్పు. మొత్తం 5005. అది 1001 × 5.

అంటే 7, 11, 13 మూడింటితోనూ పోతుంది. పాప కామాలు తప్పు కావు. ఆ కామాల మధ్య ఉన్న ముక్కల బరువు వేరు, అంతే. మేం మూడేసి అంకెలు పెట్టేది లెక్క తేలిక కావడానికి మాత్రమే. పాప ఆ 5005 చుట్టూ పెన్సిల్‌తో గీత గీసింది. నేను ఇరవై ఏళ్లుగా ఈ సూత్రం చెబుతున్నాను. మన లక్షలు, కోట్ల కామాలతో కూడా దీన్ని చేయొచ్చని ఒక్కసారీ ప్రయత్నించి చూడలేదు. కామాలు మూడేసి అంకెలకు పెట్టే దేశాల నుంచి వచ్చిన పద్ధతిని మన పిల్లలకు కారణం చెప్పకుండా ఇస్తే, చేతి అలవాటు దారి తప్పించడం సహజం. ఆ తప్పు నాది.

పూర్తిగా విప్పాక

102030201 దగ్గర ఆగాం కదా. అక్కడ మూడేసి అంకెల పరీక్ష 201 − 30 + 102 = 273 ఇస్తుంది. 273 = 3 × 7 × 13. పదకొండులో పోదు. రెండు పదకొండులూ ముందే బయటికొచ్చేశాయి మరి. ఏడుతో రెండుసార్లు, పదమూడుతో రెండుసార్లు భాగించారు. 14575743, 2082249, 160173 అంటూ మధ్యలో హారం పూర్తిగా మాయమైంది. ఒక పిల్లాడు ఎక్కడో తప్పు పోయిందని మొదట్నుంచి మళ్లీ చేశాడు. చివరి భాగహారంలో 12321 వచ్చింది. మళ్లీ హారం! దాన్ని చూసి పాప గట్టిగా నవ్వింది.

12321 అంటే 111 × 111, 111 అంటే 3 × 37. మొత్తం మీద 3, 7, 11, 13, 37, ఒక్కొక్కటీ రెండేసి సార్లు. ప్రతిదీ జంటగా ఉందంటే సంఖ్య పరిపూర్ణ వర్గం. దాని వర్గమూలం 3 × 7 × 11 × 13 × 37 = 111111.

111111ని దానితోనే గుణించమన్నాను. ఆరు వరుసలు, అన్నీ ఒకట్లే, ఒక్కో వరుస ఒక్కో గడి పక్కకు జరిగి. నిలువుగా కూడితే మొదటి నిలువు వరుసలో ఒక ఒకటి, తర్వాత రెండు, అలా నడుమ ఆరు, మళ్లీ తగ్గుతూ ఒకటి. చేతిలో పెట్టుకునేది ఏమీ లేదు. హారం ఎక్కడి నుంచి వచ్చిందో కంటికి కనిపిస్తుంది. అప్పుడు మహావీరుడి గుణకారం ఇచ్చాను: 27994681 × 441. పాప చేసి చూసి అదే సంఖ్య తెచ్చింది. ఆయన ఆ రెండింటినీ ఎక్కడి నుంచి తెచ్చాడని అడిగితే రెండు రోజులు పట్టింది. 441 అంటే 21 వర్గం, అంటే 3, 7 జంటలు ఒక పక్క. మిగిలిన 11, 13, 37 జంటలు ఇంకో పక్క, అంటే 5291 వర్గం. ఐదు జంటల్ని రెండు పక్కలకు పంచడం అన్నమాట. ఇలా రెండు వర్గాల లబ్ధంగా ఈ సంఖ్యను 16 రకాలుగా రాయొచ్చు, 1తో గుణించినదాన్నీ కలుపుకుంటే.

పిల్లలకు చెప్పకుండా నేను ఇంట్లో కూర్చుని చేసుకున్న లెక్క ఒకటుంది, ఇక్కడ రాయకుండా ఉండలేను. ఈ సంఖ్యకు మొత్తం 243 భాజకాలు. అన్నీ కూడితే 25375524993. ఇది సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువ. అంటే తనను మినహాయించి మిగతా భాజకాలు కూడినా సంఖ్యను మించిపోతాయి. బేసి సంఖ్యల్లో ఇది అరుదు. అలాంటి మొట్టమొదటి బేసి సంఖ్య 945. ఇంకా వింత, 37 జంటను పక్కన పెడితే మిగిలేది 3003 వర్గం, 9018009. దాని భాజకాల మొత్తం 18035199, రెట్టింపు 18036018. కేవలం 819 తక్కువ. సరిగ్గా రెట్టింపు అయి ఉంటే అది బేసి పరిపూర్ణ సంఖ్య. అలాంటిది ఒకటైనా ఉందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. తొంభై లక్షల సంఖ్యలో ఎనిమిది వందల పంతొమ్మిది దూరం! ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఏడు ఒకట్లు

పాప నిజంగా నేర్చుకుందా, లేక ఈ ఒక్క సంఖ్యతో స్నేహమైందా? తెలుసుకోవాలంటే ఇంకో సంఖ్య కావాలి. 1111111 ఇచ్చాను. ఆరు ఒకట్లకు బదులు ఏడు.

ఇక్కడ పాత తాళాలేవీ పనిచేయవు. అంకెల మొత్తం 7, మూడుతో పోదు. 111 − 111 + 1 = 1, కాబట్టి 7, 11, 13తో పోదు. 37తోనూ పోదు. పాప 17, 19, 23 అంటూ పోయింది. మూడు రోజుల్లో వంద దాటింది. నాలుగో రోజు వచ్చి "ఇది ప్రధాన సంఖ్యే సార్" అంది. ఎంతవరకు చూస్తే ఖాయంగా చెప్పొచ్చని అడిగాను. వర్గమూలం దాకా, అంటే 1054 దాకా అని తనే చెప్పి, "అమ్మో" అని బెంచీ మీద కూలబడింది.

అప్పుడు ఒక సాయం చేశాను. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 14తో భాగిస్తే 1 మిగలాల్సిందేనని చెప్పాను. దీనికి కారణం ఫెర్మా చిన్న సిద్ధాంతంలో ఉంది, తొమ్మిదో తరగతికి చెప్పలేదు. కామాల దగ్గర చేసిన పనే మళ్లీ చేశానని తెలుసు. ఈసారి మాత్రం పాపతో, "ఇది ఎందుకో ఇప్పుడు చెప్పలేను, ఇంటర్‌లోకి వచ్చినాక అడుగు, అప్పు ఉంటుంది" అన్నాను. పాప నోట్సు వెనక అట్ట మీద తేదీ వేసి రాసుకుంది.

ఆ నియమంతో మిగిలేవి 29, 43, 71, 113, 127, 197, 211, 239... మొదటి మూడూ పాప ముందే చూసేసింది. 239 దగ్గర శేషం సున్నా, భాగఫలం 4649. అది మళ్లీ విడిపోతుందా అంటే, దాని వర్గమూలం 69 లోపే కాబట్టి 29, 43 రెండింటితో చూస్తే చాలని పాపే చెప్పింది. 29తో 9 మిగిలింది, 43తో 5 మిగిలింది. అయిపోయింది.

ఫలితం

పాపకు రెండంకెల భాజకంతో భాగహారం ఇప్పటికీ నిదానమే. 17, 19 ఎక్కాలు ఇంకా తడబడుతుంది. తర్వాతి టెస్టులో పెద్ద సంఖ్యల ప్రశ్నలు రెండు ఇచ్చాను. రెండూ మొదలుపెట్టింది, ఒకటి తప్పు పోయింది, పేజీ మాత్రం ఖాళీగా లేదు. మిగతా నలుగురిలో ఇద్దరికి రెండో వారానికే ఆసక్తి పోయింది. ఒకే సంఖ్య మీద ఇన్ని రోజులు కూర్చోవడం అందరికీ సరిపడదు. మొత్తం క్లాసుకు ఇది చేయమని నేను ఎవరికీ చెప్పను. సంఖ్యను ఎత్తి రాసి ఖాళీ వదిలేసే పిల్లల పేపర్లు మాత్రం ఇంకోసారి చూడమని అడుగుతాను.

మొన్న సోమవారం ప్రార్థన అయ్యాక పాప నోట్సు తెచ్చింది. ఎనిమిది ఒకట్లు రాసుకుంది, 11111111. నేను ఇవ్వలేదు, తనే వేసుకుంది. కామా ఒక్కటే ఉంది, సరిగ్గా నడుమ: 1111,1111.

"నాలుగు నాలుగు పెట్టినా సార్. పదివేలు పదివేల ఒకటికి ఒకటి తక్కువ కదా. అప్పుడు 1111లో 1111 పోతే సున్నా. అంటే 10001 దీంట్లో ఉంది."

ఉంది. 1111 × 10001. 10001 అంటే 73 × 137. మహావీరుడి హారాల్లో 152207 × 73 అని ఇంకొకటుందని, దాని లబ్ధం ఈ ఎనిమిది ఒకట్లేనని పాపకు ఇంకా చెప్పలేదు. 10001ని విప్పే పని మీద ఉంది. 61 దాకా వచ్చింది.